కొత్త ఫ్లోర్ వద్దన్న వాళ్లకే పని ఇచ్చాం

లండన్ వాల్థమ్‌స్టోలో మేం కొన్నది 1890ల నాటి టెర్రస్ ఇల్లు, అంటే వరసగా పక్క గోడలు కలిపి కట్టిన ఇళ్లలో ఒకటి. ముందు గది, వెనక గది కలిపి సుమారు 30 చదరపు మీటర్ల చెక్క ఫ్లోర్. కార్పెట్ ఎత్తి చూస్తే ఆరేడు అంగుళాల వెడల్పు పైన్ పలకలు, గోడల వెంట నల్లరంగు పట్టీ, పలకల మధ్య రూపాయి బిళ్ల దూరేంత సందులు. కొటేషన్ కోసం మొదట పిలిచిన కంపెనీ మనిషి గది ఒకసారి చుట్టి వచ్చి, ఇదంతా పీకేసి ఇంజనీర్డ్ ఓక్ (పైన ఓక్ పొర అతికించిన కొత్త పలకలు) వేద్దామన్నాడు. తర్వాత ఇద్దరే నడుపుకునే ఒక చిన్న వర్క్‌షాప్ వాళ్లని పిలిచాం. కొత్త ఫ్లోర్ వద్దు, ఉన్నదే బాగుచేద్దామన్నారు. పని వాళ్లకే ఇచ్చాం. ఈ రివ్యూ వాళ్ల గురించే.

వాళ్లు ఫ్లోర్ కంటే ముందు ఇంటి బయటి గోడ చూశారు. ఇలాంటి ఇళ్లలో పలకల కింద నేల ఉండదు, ఖాళీ ఉంటుంది. పొట్టి గోడల మీద దూలాలు, దూలాల మీద పలకలు. బయటి గోడలోని ఎయిర్ బ్రిక్స్ (కన్నాలున్న ఇటుకలు) లోంచి గాలి ఆడుతుంటేనే ఆ చెక్క పొడిగా ఉంటుంది. మా ఇంటి వెనక ఎవరో పాటియో (పెరటి గచ్చు) ఎత్తుగా పోయడంతో ఎయిర్ బ్రిక్స్ సగం మూసుకుపోయాయి. వెనక గోడ పక్కన రెండు పలకలు జాగ్రత్తగా లేపి, దూలం చివర స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. దూలాలు చూడకుండా ఓక్ వేసేసి ఉంటే ఈ కుళ్లు కిందే ఉండిపోయేది. నా దృష్టిలో వాళ్లు మాకు చేసిన అసలు మేలు ఇదే.

కుళ్లిన మేర కోసేసి, పక్కన కొత్త దూలం జత చేసి బోల్టులు బిగించారు. పాటియో అంచు తవ్వించి ఎయిర్ బ్రిక్స్ తెరిపించారు. మొత్తం రెండు గదుల్లో మార్చిన పలకలు ఏడే. వాటినీ పాత ఇళ్ల చెక్క అమ్మే యార్డు నుంచి తెచ్చారు. షాపులో దొరికే కొత్త పైన్ మందం కలవదు, రంగూ కలవదు.

కోసి తీసిన పాత ముక్క పక్కన కొత్త పైన్ ముక్క పెట్టి నాకు చూపించారు. పాతదాని వలయాలు లెక్కపెట్టలేనంత దగ్గరగా ఉన్నాయి. చలిదేశంలో నెమ్మదిగా పెరిగిన చెట్టది. అప్పట్లో లండన్ ఇళ్లకు చాలావరకు బాల్టిక్, స్కాండినేవియా వైపు నుంచే ఈ కలప వచ్చేది. రాజమండ్రిలో టింబర్ డిపో నడిపిన మా మామయ్యకి వీడియో కాల్‌లో ఆ ముక్క చూపిస్తే, "ఇది తీసి పారేస్తామంటే ఒప్పుకోకమ్మా" అన్నాడు.

నల్ల పట్టీ కథ కూడా వాళ్లే చెప్పారు. ఆ రోజుల్లో గది మధ్యలో కార్పెట్ పరిచి, కనిపించే అంచులకే రంగు వేసేవాళ్లట. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ముందు టెస్ట్ చేశారు. ఉందని తేలాక గదులు మూసి, మాస్కులు వేసుకుని, దుమ్ము లాగే మెషిన్ పెట్టుకుని పని చేశారు. మా పాప అప్పుడు పాకుతోంది. చాలా టెన్షన్ పడ్డాం కానీ, వాళ్ల జాగ్రత్త చూశాక స్థిమితపడ్డాం.

సందుల్లో ఫిల్లర్ పూయలేదు. చలికాలం హీటింగ్ వేస్తే పలకలు ముడుచుకుంటాయి, వేసవిలో మళ్లీ ఉబ్బుతాయి. ఆ కదలికకి ఫిల్లర్ పగిలి రాలిపోతుంది. అందుకని పాత పైన్‌లోంచి సన్నటి చీలికలు కోసి, జిగురు రాసి సుత్తితో సందుల్లోకి మెల్లగా దించి, ఆరాక పైకి మిగిలింది చిత్రిక పట్టారు. శాండింగ్‌కి, అంటే మెషిన్‌తో పలకల పైపొర గీకడానికి ముందు ప్రతి మేకునీ పలక లోపలికి కొట్టారు. ఓపిక కావాల్సిన పని, ఓపికగానే చేశారు.

లోపాలూ ఉన్నాయి. బే విండో (బయటికి పొడుచుకొచ్చిన ముందు కిటికీ) కింద, అంచులు గీకే మెషిన్ గుండ్రటి గీతలు వదిలింది. నూనె పట్టాక సాయంత్రం ఎండలో స్పష్టంగా కనిపించాయి. వచ్చి చేత్తో సరిచేశారు కానీ, రావడానికి వారాలు పట్టింది. గోడ అంచు బీడింగ్ (సన్న చెక్క పట్టీ) కొటేషన్‌లో లేదని చివర్లో చెప్పారు, అది విడిగా కట్టాం. అన్నీ కలిపి 2,000 పౌండ్లు దాటింది. ఓక్ కొటేషన్ దీనికి రెట్టింపు పైనే.

ఫినిష్, అంటే చివరి పూత ఎంచుకునే దగ్గర మీ ఇంట్లో ఎలా ఉంటారని అడిగారు. ఉత్త కాళ్లతో తిరుగుతాం, దేవుడి మూల దీపం పెడతాం, పోపు నూనె చిందుతుంది అన్నాను. పైన గట్టి పొరలా పట్టే లక్కర్ దెబ్బతింటే ఫ్లోర్ మొత్తం మళ్లీ గీకాలి, నూనె, మైనం కలిసిన హార్డ్‌వ్యాక్స్ ఆయిల్ అయితే మరక పడ్డ చోటు వరకే చేసుకోవచ్చని అదే వేశారు. పసుపు మరక ఒకటి పడనే పడింది. ఆ ఒక్క పలకని గరుకు కాగితంతో రుద్ది నూనె పట్టిస్తే సరిపోయింది. నూనె గుడ్డలు మాత్రం నీళ్లలో ముంచాకే చెత్తలో వేయమని గట్టిగా చెప్పారు, ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకోగలవట. సొంతంగా చేసుకునేవాళ్లు ఇది మరవొద్దు. కాకినాడ నుంచి వచ్చిన మా అత్తయ్యగారు బకెట్ నీళ్లతో తడిగుడ్డ పెట్టబోతే, బాగా పిండిన మాప్ చాలని ఒప్పించాం.

మా ఇల్లు లిస్టెడ్ (చారిత్రక కట్టడంగా రక్షణ ఉన్నది) కాదు. మీది లిస్టెడ్ అయితే పాత పలకలు తీసే ముందు కౌన్సిల్‌ని అడగండి, అనుమతి కావాల్సి రావచ్చు. పై అంతస్తు పడకగదులు కూడా వీళ్లకే ఇస్తున్నాం. ఈసారి బీడింగ్, అంచుల పని రెండూ కొటేషన్‌లో రాయించుకున్నాం.