ధర్నాకు జపనీస్ మాట: అనంతపురం కార్డుల పెట్టె ఎలా ఉంది?

అనంతపురంలో జపనీస్ నేర్పే ఒక శిక్షణ కేంద్రం ఉద్యమాల మాటలతో 96 కార్డుల పెట్టె తెచ్చింది. ఒకవైపు కాంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు), హిరగానా (ఉచ్చారణ రాసే జపనీస్ లిపి). రెండోవైపు తెలుగు లిపిలో ఉచ్చారణ, అర్థం, ఒక వాక్యం. జపనీస్ భాషా పరీక్షలో మధ్యస్థాయి అయిన ఎన్3 దాటి జపాన్ వార్తలు చదవాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

అర్థాలు చక్కగా కుదిరాయి. 'సువరికొమి'కి నిఘంటువు పద్ధతిలో వివరణ రాయకుండా 'ధర్నా, బైఠాయింపు' అనేశారు. కలెక్టరేట్ ముందు టెంట్లు చూసినవాళ్లకు ఇట్టే ఎక్కుతుంది. రిలే నిరాహార దీక్షకు 'రిరే హన్సుతొ'. జపాన్‌లోనూ వాడే మాటే. బంద్‌కు 'జెనెసుతొ' అనడం మాత్రం తప్పు. అది కార్మికుల సార్వత్రిక సమ్మె. 1947 ఫిబ్రవరి 1న జరగాల్సి, ముందురోజు జపాన్‌లోని మిత్రరాజ్యాల సేనల అధిపతి మెకార్థర్ ఆపించింది అలాంటిదే. అంగళ్లు మూయించడం అందులోకి రాదు.

అసలు లోపం దీర్ఘాల దగ్గర ఉంది. 'షొమే' అంటే సంతకం, సంతకాల సేకరణ. 'షోమే' అంటే రుజువు. కార్డుల్లో రెండూ 'షోమే' అనే ఉన్నాయి. ఒ, ఓ విడివిడిగా ఉన్న లిపి మనది, ఇంగ్లిష్ అక్షరాల ఇబ్బంది మనకు లేదు. ఆ సౌలభ్యాన్ని చేతులారా వదులుకున్నారు. దీర్ఘం చిన్న విషయం కాదు. ఆఫీసుల్లో ఆడవాళ్లు హైహీల్స్ వేసుకోవాలన్న నిబంధనపై 2019లో జపాన్‌లో లేచిన 'కుతూ' ఉద్యమం పేరే 'కుత్సు' (బూటు), 'కుత్సూ' (నొప్పి) మాటల మీద, మీటూ మీద కట్టింది. 'కోగి' వేరే సంగతి: నిరసనకూ, ఉపన్యాసానికీ ఉచ్చారణ ఒకటే, కాంజీ చూస్తేనే తేడా తెలుస్తుంది.

విభక్తుల గురించి ఒక్క ముక్కా లేదు. తెలుగులో 'నిర్ణయాన్ని వ్యతిరేకిస్తాం' కాబట్టి మనవాళ్లు 'కెత్తేఒ హన్తై సురు' అనేస్తారు. అక్కడ 'ఒ' కాదు, 'ని' రావాలి: 'కెత్తేని హన్తై సురు'. అలాగే 'ఉన్దో' అంటే ఉద్యమమే, కానీ 'ఉన్దో సురు' అంటే వ్యాయామం చేయడం. ఉద్యమంలో పాల్గొనడానికి 'ఉన్దోని సంక సురు' అనాలి.

నినాదాల కార్డులు మాత్రం అన్నింటికన్నా మేలు. క్లాసుల్లో 'మమొత్తె కుదసై' (దయచేసి కాపాడండి) నేర్పుతారు. వీధిలో వినిపించేది 'మమొరె!' (కాపాడు!). ఆ తేడా ఇక్కడ స్పష్టంగా చూపారు. నాయకుడు అరిస్తే గుంపంతా తిరిగి పలికే 'షుపురెహికోరు' జర్మన్ నుంచి వచ్చిన మాట అనీ రాశారు.

వెల 300 రూపాయలు. కొన్నాక ముందు హిరగానాతో సరిచూసుకుని, తెలుగు ఉచ్చారణలో దీర్ఘాలు పెన్నుతో దిద్దుకుని, ఆ తర్వాతే బట్టీ మొదలుపెట్టండి.