సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనేవాళ్లు జాగ్రత్త: ఇంజిన్ బ్లాక్ మీద నంబర్ చూడకుండా ఒక్క రూపాయి వేయొద్దు

అనంతపురం, కర్నూలు, కడప వైపు పాత డీజిల్ కార్లు నడుపుకుంటున్న అన్నలూ, తమ్ముళ్లూ, ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా ఇంజిన్ పోయిందని, బెంగళూరు నుంచి వేరేది తెచ్చి వేయించుకుందామని లెక్కలు వేసుకుంటున్న వాళ్లు. నేను అదే చేశాను. 62 వేలు ఇరుక్కుపోయాయి, కారు ఇంకా షెడ్డులోనే ఉంది.

నాది 2012 డిజైర్ డీజిల్. ఆయిల్ మార్చాల్సిన టైం దాటాక కూడా ఐదు వేల కిలోమీటర్లు తిప్పాను, ఆ తప్పు నాదే. ఉగాదికి వారం ముందు పెనుకొండ దాటాక టైమింగ్ చైన్ జారింది. ఈ 1248 సీసీ ఇంజిన్‌లో చైన్ జారిందంటే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి. బండిని అనంతపురం లాక్కొచ్చి విప్పిస్తే రాకర్లు విరిగాయి, వాల్వులు వంగాయి, ఒక బోరులో, అంటే పిస్టన్ ఆడే గొట్టంలో, గీతలు పడ్డాయి. బోరింగ్, పిస్టన్లు, హెడ్డు పని అన్నీ కలిపి 85 వేల దాకా అవుతుంది, మూడు వారాలు పడుతుందని మా మెకానిక్ అన్న చెప్పాడు. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లే చేయడం లేదు కాబట్టి ఈ బండి వదులుకోవడం నాకు ఇష్టం లేదు, అలాగని అంత ఖర్చూ పెట్టలేను, అందుకని ఇంజిన్ నేనే వెతికి తెస్తానన్నాను.

బెంగళూరులో ఒక పాత సామాన్ల వ్యాపారి దొరికాడు. స్విఫ్ట్ ఇంజిన్, యాక్సిడెంట్ బండిలోది, 70 వేల కిలోమీటర్లు తిరిగింది, ఏడు రోజులు టెస్టింగ్ వారంటీ అన్నాడు. స్టార్ట్ చేసి వీడియో పంపాడు, శబ్దం బాగానే ఉంది. నంబర్ ఫొటో పెట్టన్నా అని రెండు సార్లు అడిగితే "మట్టి పట్టి ఉంది, కడిగి పంపిస్తా కదా" అన్నాడు. నేను అక్కడే ఆగిపోయి ఉండాల్సింది. ముందు 30 వేలు, లారీకి ఎక్కించే రోజు మిగతా 32 వేలు వేశాను, బిల్లు అంటే తెల్ల కాగితం మీద "పాత స్పేర్ పార్ట్స్" అని రాసిచ్చాడు.

పార్సిల్ ఆఫీసులో చెక్క పెట్టె విప్పగానే మా మెకానిక్ అన్న ముఖం మారిపోయింది. నంబర్ కొట్టి ఉండే చోట గ్రైండర్ పెట్టి అరగదీశారు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టేది) చూస్తే స్విఫ్ట్‌ది కానే కాదు. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లలో వచ్చేది 75 హార్స్‌పవర్ ఇంజిన్, మామూలు టర్బో. ఎస్ఎక్స్4, ఎర్టిగాలలో వచ్చేది అదే 1248 సీసీ ఇంజినే గానీ 90 హార్స్‌పవర్, దాని టర్బో లోపలి రెక్కలు కదిలే వీజీటీ రకం. పైకి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ నా బండి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఆ టర్బోను నడపలేదు. వ్యాపారికి ఫోన్ చేస్తే "మీ టర్బో, మీ ఇంజెక్టర్లు దీనికి వేసుకోండి, అయిపోతుంది" అన్నాడు. సరే, అదైనా చేద్దామని ముందు సంపు (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) విప్పాం. అడుగున ఆయిల్‌లో మెరుస్తున్న లోహపు పొడి, అంటే బేరింగులు అరిగిపోయాయి. అది చెప్పగానే "సంపు విప్పారు కాబట్టి వారంటీ పోయింది" అని ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఎత్తనే లేదు.

డబ్బు సంగతి ఒక ఎత్తు, నంబర్ సంగతి ఇంకో ఎత్తు. ఆర్సీలోనూ, ఇన్సూరెన్స్‌లోనూ ఇంజిన్ నంబర్ ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి వివరాలు ఆర్సీకి తేడాగా ఉండకూడదు, ఇంజిన్ మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో ఎక్కించుకోవాలి. అరగదీసిన నంబర్‌ను అక్కడ ఏమని చూపిస్తాం? దొంగ బండి ఇంజిన్ అయితే దొంగ సొత్తు కేసు మన మెడకు చుట్టుకుంటుంది. రేపు యాక్సిడెంట్ అయి క్లెయిమ్‌కు పోతే సర్వేయర్ మొదట చూసేవాటిలో ఈ నంబర్ ఒకటి. నాకు నిద్ర పట్టనంత టెన్షన్ దీనితోనే.

అందుకే చెప్తున్నా, కొనాలంటే మెకానిక్‌ను వెంటబెట్టుకుని పోండి. బస్సు ఖర్చు, ఒక రోజు కూలి ఇచ్చినా మనకే లాభం. బ్లాక్ మీది నంబర్, ఆ ఇంజిన్ తీసిన బండి ఆర్సీ కాపీలో ఉన్న నంబర్ ఒకటేనా కాదా చూడండి, ఆర్సీ లేదంటే వెనక్కి వచ్చేయండి. క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పి చూడండి, ఎక్కడా పట్టుకోకూడదు. ఆయిల్ మూత తీస్తే లోపల పాల మీగడలా తెల్లగా ఉంటే కూలెంట్ కలిసిందని అనుమానించాలి. టర్బో షాఫ్ట్ పట్టుకుని కదిపితే బాగా ఊగకూడదు. జీఎస్టీ బిల్లులో ఇంజిన్ నంబర్ రాయించుకోండి. వారంటీ అంటే ఏం విప్పొచ్చు, ఏం విప్పకూడదు అన్నది కూడా ఆ కాగితం మీదే ఉండాలి. ఇంజిన్ చేతికొచ్చి పరీక్ష అయ్యేదాకా క్లచ్ సెట్, మౌంటింగులు, చైన్ కిట్ కొనకండి. నేను ముందే 14 వేలు పెట్టి కొనేశాను.

వ్యాపారి వేరే రాష్ట్రంలో ఉన్నాడు, ఏం చేయగలం అని వదిలేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు సొమ్ముకు ఫీజు కూడా లేదు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. వీడియో, చాటింగ్, యూపీఐ రసీదులు, పెట్టె విప్పినప్పటి ఫొటోలు అన్నీ దాచాను, అనంతపురంలోనే కేసు వేస్తున్నాను.

పాత బ్లాక్‌ను స్క్రాప్‌కు వేసేయమని నేను అప్పుడే చెప్పాను, మా మెకానిక్ అన్న మాత్రం వేయకుండా ఒక మూల పెట్టి ఉంచాడు. మొన్న సోమవారం దాన్ని లేత్ షాపుకు పంపాం. బోరు పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే సరిపోతుందన్నారు, నేను కొన్న చైన్ కిట్ కూడా దానికే పనికొస్తుంది. ఆర్సీలో ఉన్న నంబర్ దాని మీద చెక్కుచెదరకుండా ఉంది.