సాలూరు–కొరాపుట్ దారిలో భోజనం: ఊరి హోటలా, ధాబానా?

26వ నంబరు జాతీయ రహదారిపై సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి, పొట్టంగి దాటి ఒడిశాలోని సెమిలిగుడ చేరేసరికి బైకు నడిపేవారికి ఆకలి, నడుంనొప్పి రెండూ తెలుస్తాయి. అక్కడ బజారులోని అన్నం హోటలుకు వెళ్లాలా, రహదారి పక్క ధాబాలో ఆగాలా అన్నదే ప్రశ్న.

ఖర్చు: హోటల్లో భోజనానికి సాధారణంగా ఒకటే ధర. ధాబాలో రొట్టెకు, కూరకు విడివిడిగా లెక్క కనుక ఒంటరివారికి బిల్లు పెరుగుతుంది. నలుగురైతే తడ్కా (పోపు పెట్టిన పప్పుకూర) పంచుకోవచ్చు.

సమయం: హోటల్లో వంట సిద్ధంగా ఉంటుంది, ధాబాలో ఆగాలి.

రుచి: ఇక్కడ నా మొగ్గు పూర్తిగా హోటలు వైపే. పప్పులో పచ్చి బొప్పాయి, గుమ్మడి, అరటికాయ ముక్కలు మెత్తగా ఉడికించి, వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి చల్లిన ఒడియా వంటకం దాల్మాను వేడన్నంలో కలుపుకుంటే, మన ముద్దపప్పుకు అలవాటుపడిన నాలుకకు కూడా అది పరాయిగా తోచదు. అయితే మధ్యాహ్నం బాగా పొద్దుపోయాక వెళితే అడుగున మిగిలిన కూరే దక్కుతుంది. ధాబాలో ఎప్పుడడిగినా రొట్టె వేడిగా కాలుస్తారు.

ప్రమాదం: బజారులో నిలిపిన బైకుపై సామాను కంటికి ఆనకపోవచ్చు, ధాబాలో ఎదురుగానే ఉంటుంది. కడుపునిండా అన్నం తిన్న వెంటనే ఘాటు మలుపులు దిగడం మాత్రం మంచిది కాదు, నిద్ర ముంచుకొస్తుంది.

కొరాపుట్ వైపు సాగేవారు, ఒంటరివారు, పెందలాడే చేరినవారు హోటలుకు వెళ్లాలి. సామానుతో గుంపుగా వచ్చినవారికి, ఆలస్యమైనవారికి, సాలూరు వైపు దిగేవారికి ధాబాయే తగినది. అక్కడ రెండు రొట్టెలతో ఆపాలి.