ట్రాన్స్‌ఫర్‌కి కామన్ యాప్: పచ్చ టిక్కులు పడితే పని అయిపోయినట్టేనా?

అమెరికాలో పేరున్న యూనివర్సిటీకి చదువు మధ్యలో మారాలనుకునే విదేశీ విద్యార్థికి కామన్ యాప్ (ఒకే ఖాతా నుంచి చాలా కాలేజీలకు దరఖాస్తు పెట్టుకునే వెబ్‌సైట్) ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్‌తో చాలాసార్లు పని పడుతుంది. స్టాన్‌ఫర్డ్, కార్నెల్, బ్రౌన్, యేల్ వంటివి దీని ద్వారా దరఖాస్తులు తీసుకుంటాయి. ఖాతా తెరవడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఫారం నింపడం రెండు మూడు రోజుల పని. ఈ అప్లికేషన్‌కి మేం 5కి 3.5 మార్కులు ఇస్తాం. ఆ పోయిన ఒకటిన్నర ఎందుకంటే, అడ్మిషన్‌ను నిజంగా తేల్చే కాగితాల్లో చాలా వాటి మీద ఈ వెబ్‌సైట్‌కి అజమాయిషీ లేదు. స్క్రీన్ మీద అన్నీ పచ్చ టిక్కులే కనిపిస్తాయి, ఫైలు మాత్రం సగం ఖాళీగా ఉంటుంది.

ముందుగా ఒక మాట. ఇంటర్ తర్వాత నేరుగా చేరేవాళ్లు నింపే కామన్ యాప్ వేరు, ఇది వేరు. 2018లో ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల కోసం దీన్ని కొత్తగా తయారుచేశారు. తెరవగానే నాలుగు గళ్లు కనిపిస్తాయి: పర్సనల్ ఇన్ఫర్మేషన్, అకడమిక్ హిస్టరీ, సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్, ప్రోగ్రామ్ మెటీరియల్స్. మొదటి మూడూ ఒకసారి నింపితే అన్ని కాలేజీలకూ పనికొస్తాయి. నాలుగోది ఏ కాలేజీకి ఆ కాలేజీదే.

పర్సనల్ ఇన్ఫర్మేషన్‌లో చూసుకోవాల్సింది పేరు ఒక్కటే. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక వస్తే టోఫెల్ (ఇంగ్లీషు పరీక్ష) స్కోరు ఒక ఫైల్లోకి, ట్రాన్స్‌క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే అధికారిక మార్కుల పత్రం) ఇంకో ఫైల్లోకి వెళ్తాయి. వాటిని కలపమని అడ్మిషన్ ఆఫీసును బతిమాలుకోవడానికే ఓ వారం పడుతుంది.

అకడమిక్ హిస్టరీలో పని ఎక్కువ. ఇంటర్ తర్వాత చదివిన ప్రతి కాలేజీనీ చూపాలి. వేసవిలో ఒక్క కోర్సు చేసి వదిలేసినా, మార్కులు బాగా రాకపోయినా చూపాల్సిందే. దాచిన కాలేజీ తర్వాత బయటపడితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు యూనివర్సిటీకి ఉంటుంది. విదేశీ కాలేజీ పేరు జాబితాలో దొరక్కపోతే దగ్గరగా ఉన్న ఇంకో పేరు ఎంచుకోకండి. జాబితాలో లేదని చెప్పే ఆప్షన్ నొక్కి పేరు టైప్ చేయండి. చదివింది అనుబంధ కాలేజీలో, ట్రాన్స్‌క్రిప్ట్ ఇచ్చేది యూనివర్సిటీ అయితే, కాగితం మీద ఎవరి ముద్ర ఉంటుందో ఆ పేరే ఇక్కడా ఉండాలి. కొన్ని ప్రోగ్రాములు కోర్సులన్నీ ఒక్కొక్కటిగా టైప్ చేయమంటాయి: కోర్సు కోడ్, పేరు, క్రెడిట్లు, గ్రేడు. గుర్తున్నది రాయకుండా ట్రాన్స్‌క్రిప్ట్ పక్కన పెట్టుకుని చూసి ఎక్కించండి. శాతాలను మీ అంతట మీరే 4.0 స్కేలులోకి మార్చకండి. ఆ లెక్క యూనివర్సిటీ తన పద్ధతిలో తనే కట్టుకుంటుంది. కొన్నిచోట్ల డబ్ల్యూఈఎస్ లాంటి, విదేశీ మార్కులను అమెరికా పద్ధతిలో లెక్కగట్టే సంస్థతో కోర్సులవారీ మూల్యాంకనం చేయించమంటారు. ఆ కాలేజీ పేజీలో అడిగితేనే చేయించండి, ఊరికే ముందుగా డబ్బు పోయకండి.

ఇక అసలు చిక్కు ప్రోగ్రామ్ మెటీరియల్స్‌లో. ఇక్కడ కాలేజ్ రిపోర్ట్ అని ఒక ఫారం డౌన్‌లోడ్ చేసుకోవాలి. మీరు ఇప్పుడు చదువుతున్న కాలేజీలో మార్కుల రికార్డూ క్రమశిక్షణ రికార్డూ చూడగలిగే అధికారి దాన్ని నింపాలి. మీ చదువు ఎలా సాగుతోంది, తిరిగి ఇక్కడే చదవాలంటే అర్హత ఉందా, క్రమశిక్షణ చర్య ఏదైనా ఉందా అన్నవి అందులోని ప్రశ్నలు. చూడ్డానికి చిన్న ఫారమే. కానీ పెద్ద కాలేజీల్లో మార్కులు రిజిస్ట్రార్ (విద్యార్థుల రికార్డులు చూసే అధికారి) దగ్గర, క్రమశిక్షణ డీన్ ఆఫీసులో ఉంటాయి. సంతకం పెట్టాల్సింది తాను కాదని ఇద్దరూ అంటారు. అమెరికా బయటి యూనివర్సిటీలో అయితే ఇలాంటి ఫారం ఎవరూ చూసి ఉండకపోవచ్చు. జనవరిలోనే రిజిస్ట్రార్‌ని కలిసి, ఏ గడి ఎవరు నింపాలో పెన్సిల్‌తో గుర్తుపెట్టి, పంపాల్సిన చిరునామాతో కలిపి ఇస్తే పని త్వరగా తెములుతుంది. నింపిన ఫారం అధికారి దగ్గర్నుంచే వెళ్లాలని కాలేజీ చెబితే మీరు అప్‌లోడ్ చేసినా లెక్కలోకి రాదు.

దీనికి తోబుట్టువు మిడ్‌టర్మ్ రిపోర్ట్. ఈ సెమిస్టర్‌లో తీసుకున్న కోర్సుల పేర్లు మీరు రాస్తారు, ఇప్పటివరకు వచ్చిన గ్రేడు పక్కన ప్రొఫెసర్ సంతకం పెడతారు. గడువులేమో యేల్, బ్రౌన్‌లకు మార్చి 1, స్టాన్‌ఫర్డ్, కార్నెల్‌లకు మార్చి 15. స్ప్రింగ్ సెమిస్టర్ జనవరి రెండో సగంలో మొదలైతే మార్చి 1 నాటికి చాలా కోర్సుల్లో ఒక్క పరీక్ష కూడా జరిగి ఉండకపోవచ్చు. అందుకే ఈ రిపోర్టును చాలా కాలేజీలు గడువు దాటాక కూడా తీసుకుంటాయి. ఫిబ్రవరిలో ఖాళీ గ్రేడ్లతో పంపేకంటే మొదటి మిడ్‌టర్మ్ మార్కులు వచ్చాక పంపడమే తెలివైన పని. ఎప్పటిదాకా తీసుకుంటారో మాత్రం కాలేజీ పేజీలో చూసి రాసిపెట్టుకోండి. కామన్ యాప్ మీకు గుర్తుచేస్తుందని అనుకోవద్దు.

రికమెండేషన్లు కూడా ఇక్కడే, కాలేజీకో అభ్యర్థన చొప్పున పంపాలి. ఐదు కాలేజీలంటే ఒకే ప్రొఫెసర్‌కు ఐదు ఈమెయిళ్లు వెళ్తాయి. ముందు చెప్పకపోతే ఆయన మొదటిది నింపి, మిగతావి పొరపాటున మళ్లీ వచ్చాయనుకుని తీసేస్తారు. స్పామ్‌లో పడటం మామూలే. మీ క్లాసులో మీ పేరు తెలిసిన ప్రొఫెసర్ ఉత్తరం, పేరు తెలియని డిపార్ట్‌మెంట్ హెడ్ ఉత్తరం కంటే ఎంతో నయం. లేఖను చూసే హక్కు వదులుకుంటున్నారా అని అడిగినప్పుడు అవునని పెట్టేయండి. చూసుకుంటానన్న విద్యార్థికి మనసు విప్పి రాసే ప్రొఫెసర్లు తక్కువ.

వ్యాసాలు ఒక్కో కాలేజీవి ఒక్కోలా ఉంటాయి. ఎందుకు మారుతున్నావన్న ప్రశ్నకు ఇప్పటి కాలేజీని తిట్టిపోయడం జవాబు కాదు. అక్కడ లేని కోర్సు ఏది, అక్కడ దొరకని ల్యాబ్ ఏది, కొత్తచోట వాటిని ఏ సంవత్సరంలో ఎలా వాడుకుంటారు అన్నది రాస్తే చదివేవాళ్లకు పట్టు దొరుకుతుంది. ర్యాంకింగ్ ప్రస్తావన వద్దే వద్దు. సబ్మిట్ నొక్కాక వ్యాసం మార్చే వీలుండదు కాబట్టి పీడీఎఫ్ ప్రివ్యూ పూర్తిగా చదవండి. ఇంకో కాలేజీ పేరుతో వ్యాసం వెళ్లిపోవడం మనం అనుకునేంత అరుదు కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. దరఖాస్తు ఫీజు చాలాచోట్ల 70 నుంచి 90 డాలర్లు. ఆర్థిక సాయం అడిగితే, చాలా కాలేజీలు కోరే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే కుటుంబ ఆదాయ వివరాల ఫారం విడిగా నింపాలి: మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపై ఒక్కోదానికి 16. అమెరికా ప్రభుత్వ సాయం కోసం నింపే ఎఫ్ఏఎఫ్ఎస్ఏ ఫారం విదేశీ విద్యార్థులకు కాదు. ఫీజుల కంటే పెద్ద సంగతి ఫారంలో ఒక చిన్న ప్రశ్నగా కనిపిస్తుంది: సాయం కోరుతున్నారా? స్టాన్‌ఫర్డ్ లాంటి చోట్ల విదేశీ విద్యార్థి అవసరాన్ని అడ్మిషన్‌లో లెక్కలోకి తీసుకుంటారు. అలాగని ఇప్పుడు వద్దని పెట్టి, సీటొచ్చాక అడుగుదామనుకుంటే అక్కడ కుదరదు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్‌లలో ఈ బెడద లేదు, కానీ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ప్రిన్స్‌టన్ అయితే 1990లో ట్రాన్స్‌ఫర్లు ఆపేసి 2018లో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లో కూర్చుని డిగ్రీ పూర్తయ్యేదాకా అయ్యే ఖర్చు లెక్క వేసుకున్నాక పెట్టాల్సింది, గడువు రాత్రి పెట్టేది కాదు.

కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థ, అంటే బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లు ఉన్నది, కామన్ యాప్‌లో లేదు. ఎంఐటీది కూడా సొంత ఫారమే. నిజం చెప్పాలంటే ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి కాలిఫోర్నియా ఫారమే సుఖం. కాలేజ్ రిపోర్ట్ లేదు, ప్రొఫెసర్ల ఉత్తరాలు లేవు, దరఖాస్తు సమయంలో ట్రాన్స్‌క్రిప్ట్ పంపక్కర్లేదు, మార్కులు మనమే రాస్తాం. నాలుగు ప్రశ్నలకు 350 పదాల చొప్పున జవాబులు చాలు. కాకపోతే స్ప్రింగ్ చివరికి 60 సెమిస్టర్ యూనిట్లు (క్రెడిట్లు) పూర్తి కావాలి, ప్రాధాన్యం కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీల) వాళ్లది, అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం విదేశీయులకు దాదాపు లేనట్టే. గడువు కూడా అందరికంటే ముందే, శరదృతువు చివర్లో ముగిసిపోతుంది.

సబ్మిట్ చేశాక కామన్ యాప్ పాత్ర దాదాపు ముగిసినట్టే. కొద్ది రోజుల్లో ఒక్కో కాలేజీ తన పోర్టల్ లాగిన్ పంపుతుంది. అసలైన చెక్‌లిస్ట్ అదే. కామన్ యాప్‌లో పూర్తయిందని ఉండి, పోర్టల్‌లో కాలేజ్ రిపోర్ట్ పక్కన అందలేదని ఉంటే పోర్టల్ మాటే నమ్మాలి. వారానికి రెండుసార్లు చూడండి.

సీటొచ్చాక క్రెడిట్ల లెక్క తేలుతుంది. హార్వర్డ్, యేల్ లాంటివి కనీసం రెండేళ్లు తమ దగ్గరే చదవాలంటాయి కాబట్టి మూడేళ్లు పూర్తిచేసినవాళ్లకు దారి దాదాపు మూసుకుపోయినట్టే. క్రెడిట్ల కోసం సిలబస్ పీడీఎఫ్‌లు అడుగుతారు. చదువుతున్నప్పుడే దాచుకోకపోతే తర్వాత పాత కోర్సు పేజీలే తెరుచుకోవు. ఇప్పటికే ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు బదిలీ చేయమని పాత కాలేజీ డీఎస్ఓను, అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని అడగాలి. రికార్డు చేతులు మారే రిలీజ్ తేదీ రాకముందు మనసు మారితే ఆపుకోవచ్చు, వచ్చాక రికార్డు కొత్త కాలేజీ చేతిలోకి వెళ్తుంది, పాత క్యాంపస్‌లో ఉద్యోగం కూడా ఆ రోజుతో సరి. అందుకే సెమిస్టర్ ముగిసి, చివరి జీతం అందే తేదీ చూసుకుని రిలీజ్ తేదీ అడగండి. రికార్డు చెల్లుబాటులో ఉంటే 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు. అమెరికా బయటి నుంచి కొత్తగా వచ్చేవాళ్లకు మాత్రం ఆ ఫీజు, వీసా రెండూ తప్పవు.