అమ్మతో యూటా: ఐదు రోజులు, మూడు బసలు

2025 సెప్టెంబరులో మా అమ్మ రాజమండ్రి నుంచి మా దగ్గరికి వచ్చింది. మేం ఉండేది యూటా రాష్ట్రంలో, ప్రోవో ఊళ్ళో. మా ఆయన ఇక్కడి బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తున్నారు. మేమిద్దరం యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం సభ్యులం. బయట అందరూ మోర్మన్లు అంటారు. ఆ పేరు వాడొద్దని 2018 నుంచి మా సంఘం కోరుతోంది. కానీ అది చెప్తే తప్ప మనవాళ్ళకి తెలియదు కాబట్టి ఈ ఒక్కసారికి రాస్తున్నాను. మా ఆయనది హైదరాబాదు. ఇండియాలో మా సంఘం మొదటి స్టేక్, అంటే కొన్ని వార్డులు (స్థానిక సంఘాలు) కలిసిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది అక్కడే. నేను లూథరన్ ఇంట్లో పుట్టి, కాలేజీ రోజుల్లో ఇటు వచ్చాను. అమ్మ ఇప్పటికీ లూథరనే.

మా పెళ్ళి రాజమండ్రిలో అమ్మ వాళ్ళ చర్చిలోనే జరిగింది. ఆరు నెలల తర్వాత ప్రోవో సిటీ సెంటర్ దేవాలయంలో మాకు సీలింగ్ జరిగింది. భార్యాభర్తల బంధం చావుతో తెగిపోదు, నిత్యత్వమంతా ఉంటుంది అన్న నమ్మకంతో చేసే విధి అది. మా జీవితంలో అంతకంటే పెద్ద రోజు లేదు. కానీ దేవాలయంలోకి వెళ్ళాలంటే రికమెండ్ కార్డు ఉండాలి, అది సభ్యులకే ఇస్తారు. అమ్మ ఆ రోజు ఇక్కడ ఉన్నా బయటే కూర్చోవాల్సి వచ్చేది. ఫోన్‌లో "బాగా జరిగిందా అమ్మా?" అని మాత్రం అడిగింది. ఆ మాట నా లోపల అలాగే ఉండిపోయింది. అందుకే అమ్మ వచ్చినప్పుడు పార్కులొక్కటే కాదు, మేం నమ్మేది ఏమిటో కూడా తన కళ్ళతో చూడాలని ఈ ప్రయాణం వేసుకున్నాం.

బయల్దేరే ముందు ఆదివారం సాల్ట్ లేక్ సిటీలో మా సంఘం కేంద్ర ప్రాంగణం టెంపుల్ స్క్వేర్‌కి వెళ్ళాం. ప్రోవో నుంచి ఫ్రంట్‌రన్నర్ రైలు హాయిగా ఉంటుంది గానీ ఆదివారం నడవదు, కారు ఉండాల్సిందే. ఎదురుగా ఉన్న సిటీ క్రీక్ మాల్‌లో షాపులు కూడా ఆదివారం మూసేస్తారు. మేమూ ఆదివారం ఏమీ కొనం కాబట్టి పులిహోర కట్టుకెళ్ళాం. ఉదయం తొమ్మిదిన్నరకి మా సంఘం గాయకబృందం, టాబర్నకిల్ క్వాయర్, పాటల ప్రసారం ఉంటుంది. 1929 నుంచి నడుస్తున్న కార్యక్రమం, 360 మంది గాయకులు, ప్రవేశం ఉచితం. పాట మొదలవగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది, అయ్యేదాకా వదల్లేదు. టాబర్నకిల్ అనే ఆ సభామందిరం 1867లో కట్టారు, బోర్లించిన నావలా ఉంటుంది. ముందున్న సిస్టర్ మిషనరీ ఒక గుండుసూది వదిలితే చివరి బెంచీలో మాకు 'టిక్' మని వినిపించింది. అమ్మ మళ్ళీ వెయ్యమంది. ఆ అమ్మాయి నవ్వి మళ్ళీ వేసింది.

పక్కనే ఉన్న సాల్ట్ లేక్ దేవాలయం మాత్రం మరమ్మతుల్లో ఉంది. 2019 డిసెంబరు చివర్లో మూశారు, భూకంపాన్ని తట్టుకునేలా పునాదుల కింద పని చేస్తున్నారు. పని మొదలైన కొద్ది నెలలకే, 2020 మార్చిలో, 5.7 తీవ్రతతో భూకంపం వచ్చి శిఖరం మీది మొరోనై అనే దేవదూత విగ్రహం చేతిలో బూర కింద పడింది. 1853లో మొదలుపెట్టి 1893లో పూర్తిచేసిన కట్టడం అది. కట్టించడం మొదలుపెట్టిన అప్పటి మా సంఘం అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ 1877లోనే చనిపోయారు. "నలభై ఏళ్ళా! పాపం, మొదలెట్టినాయన చూడనేలేదన్నమాట" అంది అమ్మ, క్రేన్ల వైపు చూస్తూ.

మా ఇంట్లో కాఫీ, టీ ఉండవు. 1833 నాటి జ్ఞానవాక్యము అనే మా ఆరోగ్య నియమం ప్రకారం మద్యం, పొగాకు, కాఫీ, టీ మానేస్తాం. అమ్మకి పొద్దున్నే కాఫీ పడకపోతే తలనొప్పి. నేనే వెళ్ళి పొడి కొనుక్కొచ్చి కలిపి ఇచ్చాను. మొదటి రోజు అమ్మ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్ళబోతే మా ఆయన "ఇక్కడే తాగండి అత్తయ్యగారూ, మాకేం ఇబ్బంది లేదండి" అన్నారు. నియమం మాది, అమ్మది కాదు.

మంగళవారం పొద్దున్నే బయల్దేరాం. ప్రోవో దాటగానే స్పానిష్ ఫోర్క్ దగ్గర గుట్ట మీద తెల్లటి రాధాకృష్ణ మందిరం కనిపిస్తుంది. దాన్ని కట్టేటప్పుడు మా సంఘం 25,000 డాలర్లు విరాళం ఇచ్చింది. హోలీకి వేలమంది వస్తారు, అందులో చాలామంది మా యూనివర్సిటీ పిల్లలే. మందు లేని పండగ కదా, వాళ్ళకి సొంతింట్లో ఉన్నట్టుంటుంది.

అక్కణ్ణుంచి మాంటై. ఊరంతా చిన్నది, గుట్ట మీద దేవాలయం ఒక్కటే పెద్దది. ఆ గుట్ట రాయితోనే కట్టారు, మీగడ రంగు సున్నపురాయి. 1888లో ప్రతిష్ఠించారు, మరమ్మతుల తర్వాత 2024 ఏప్రిల్లో మళ్ళీ తెరిచారు. అమ్మని ఒక్కదాన్నే వదిలి వెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది. "ఇంతదూరం వచ్చి వెళ్ళకపోవడమేంటి? నేనిక్కడ నా బైబిలు చదువుకుంటాను, వెళ్ళి రండి" అని చెట్టు కింద బెంచీ మీద కూర్చుంది. మేం బయటికొచ్చేసరికి రెండు గంటలు దాటింది. తోటపని చేసే పెద్దావిడ ఒకరు అమ్మకి నీళ్ళ సీసా ఇచ్చి పక్కన కూర్చున్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఫోన్‌లో మనవల ఫోటోలు చూపించుకుంటున్నారు. లోపల ఏం చేస్తామో మేం బయట చెప్పం, అది మాకు పవిత్రం. కానీ లోపలి మెట్ల గురించి అమ్మకి చెప్పాను. మధ్యలో స్తంభం ఆధారం లేకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్ళిపోతాయి. ఏ కంప్యూటరూ లేని రోజుల్లో, వలస వచ్చిన వడ్రంగులు చేసిన పని. "చూడాల్సిందే అయితే" అంది అమ్మ. ఆ మాటకి మాకేం చెప్పాలో తెలియలేదు.

ఆ రాత్రి, మర్నాడు రాత్రి కూడా టోరీ ఊళ్ళో ఉన్నాం. ఒక పెద్ద వయసు దంపతులు వాళ్ళింటి కింది భాగం అద్దెకిస్తారు. రాత్రికి 140 డాలర్లు, వంటగది ఉంది, కుక్కర్ పట్టుకెళ్ళాం కాబట్టి అన్నం, పప్పు వండుకున్నాం. వంటగది పక్కన చిన్న గదిలో నేల నుంచి పైకప్పు దాకా అరలు. వాటిలో పీచ్ పళ్ళు, టమాటాలు, బీన్సు పెట్టిన గాజు సీసాలు, ఒక్కోదాని మూత మీద పెన్నుతో సంవత్సరం రాసి ఉంది. కష్టకాలానికి తిండి నిల్వ పెట్టుకోమని మా సంఘం ఎప్పటినుంచో చెప్తుంది. అమ్మ ఒక సీసా తీసి వెలుతురుకి పట్టి చూసి, "మన ఆవకాయ జాడీల గదేగా ఇది!" అంది. ఇంటావిడ ఆ సీసా అమ్మకే ఇచ్చేశారు. మూడు బసల్లో నేను కళ్ళు మూసుకుని సిఫార్సు చేసేది ఇదే.

బుధవారం రోజంతా కేపిటల్ రీఫ్ నేషనల్ పార్కులో ఫ్రూటా అనే చోట గడిపాం. మొత్తం ప్రయాణంలో నా మనసు నిండిన చోటు ఇది. 1880ల్లో మా సంఘానికి చెందిన కొన్ని కుటుంబాలు ఎర్రటి కొండల మధ్య ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నాయి. ఏ రోజునా పది కుటుంబాలు మించలేదు. నది నుంచి కాలవలు తవ్వి తోటలు వేశారు. ఆ తోటలు ఇప్పుడు పార్కువాళ్ళ సంరక్షణలో ఉన్నాయి. చుట్టూ గడ్డి కూడా మొలవని రాయి, మధ్యలో ఆపిల్ చెట్ల పచ్చదనం. కాలవ గట్టు మీద నిలబడి అమ్మ "కాటన్ దొర పని చేశారు వీళ్ళు" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. మా సంఘం తొలితరం వాళ్ళు సాల్ట్ లేక్ లోయకి వచ్చింది 1847 జులైలో. మన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైందీ 1847లోనే.

పండిన తోటకి బోర్డు పెడతారు. తోటలో ఉన్నంతసేపు ఎన్ని తిన్నా డబ్బుల్లేవు. ఇంటికి తీసుకెళ్ళేవాటికే డబ్బు. నిచ్చెనలు, పొడవాటి కర్రకి సంచి కట్టిన కోతపరికరం అక్కడే ఉంటాయి. కాసేవాళ్ళు ఎవరూ ఉండరు, కాటా మీద మనమే తూచుకుని పెట్టెలో డబ్బులు వెయ్యాలి. మా ఆయన నిచ్చెన ఎక్కి కోస్తుంటే అమ్మ కింద చీర కొంగు పట్టింది. తూచేటప్పుడు ముల్లు కాస్త ఎక్కువ చూపిస్తోందని నేనంటే, "పోనీ వెయ్యి, దేవుడి తోటలో బేరాలేంటి" అని ఇంకో డాలరు వేసింది. గిఫర్డ్ ఇంట్లో చిన్న చిన్న పైలు అమ్ముతారు. పదిగంటలకల్లా వెళ్ళండి, తర్వాత దొరకడం కష్టం. 1896 నాటి ఒకే గది బడి కూడా చూడండి.

గురువారం 12వ నంబరు హైవే మీదుగా బ్రైస్ కాన్యన్. రోడ్డు అందంగానే ఉంటుంది గానీ, ఒకచోట రెండువైపులా లోయ, మధ్యలో రోడ్డు మాత్రమే. అమ్మ కళ్ళు మూసుకుని కీర్తన పాడుకుంది. బ్రైస్ 8,000 అడుగుల పైమాటే, పెద్దవాళ్ళకి నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. సన్‌రైజ్ పాయింట్ దగ్గర అంచున నిలబడి చూస్తే చాలు, కిందికి దిగనక్కర్లేదు. తెల్లవారుజామున ఆ ఎర్రటి రాతి స్తంభాల్లోపల దీపం వెలిగించినట్టుంటుంది.

బస మాత్రం చేదు అనుభవం. పార్కు దగ్గర మోటల్, 190 డాలర్లు. బయట చలి నాలుగు డిగ్రీలకి పడిపోయింది, హీటర్ తిప్పితే చల్లగాలి వస్తోంది. రాత్రి పది దాటాక కౌంటర్లో మనిషి లేడు, ఫోను ఎత్తేవాళ్ళు లేరు. మా జాకెట్లన్నీ అమ్మ మీద కప్పాం. వేడి అల్పాహారం అని రాసి, పొద్దున్న కాఫీ, కవర్లలో చుట్టిన మఫిన్లు పెట్టారు. అడిగితే క్షమాపణ చెప్పారు, డబ్బు మాత్రం తిరిగివ్వలేదు. అక్కడ గది తీసుకునేవాళ్ళు తాళం తీసుకోగానే హీటర్ వేసి చూసుకోండి, పది లోపలే చెప్పగలుగుతారు.

శుక్రవారం జైయన్. బోర్డు చూడగానే అమ్మ "సీయోనా!" అంది. అవును, బైబిల్లోని ఆ సీయోనే. మావాళ్ళు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డప్పుడు పెట్టిన పేరు. సీజన్‌లో లోపలి రోడ్డు మీదికి సొంత కార్లు రానివ్వరు, షటిల్ బస్సు ఉచితం. ఎనిమిది దాటితే పార్కింగ్ దొరకదు, మేం అరగంట తిరిగాం. ఒక స్టాపులో దిగితే వరసగా మూడు శిఖరాలు, అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. 1916లో ఒక మెథడిస్టు పాస్టరుగారు పెట్టిన పేర్లు ఇవి. అమ్మకి ఇల్లు చేరినంత సంతోషం. పెద్దవాళ్ళతో వెళ్తే చివరి స్టాపులో దిగి నది పక్కన రివర్‌సైడ్ వాక్ చెయ్యండి, దారి చదునుగా ఉంటుంది. కొండలు గొప్పవే. కానీ జనం ఎక్కువ, ఏ మూలా నిశ్శబ్దం లేదు. ఒక్కరోజే ఉంటే నేను ఫ్రూటాకే వెళ్తాను.

ఖర్చు సంగతి: మూడు పార్కులకీ విడివిడిగా అయితే కారుకి 35, 35, 20 డాలర్లు. మేం 80 డాలర్ల వార్షిక పాస్ తీసుకున్నాం. విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి 2026 జనవరి నుంచి జైయన్, బ్రైస్ లాంటి పార్కుల్లో అదనపు రుసుము పెట్టారు, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు ముందే చూసుకోండి. ఆ రాత్రి బస హరికేన్ అనే ఊళ్ళో, 95 డాలర్లు, శుభ్రంగా ఉంది, అంతకంటే చెప్పడానికేం లేదు.

శనివారం సెయింట్ జార్జ్‌లో కాసేపే ఆగాం, ఎండ మండిపోతోంది. యూటాలో మొదట పూర్తయిన దేవాలయం ఇక్కడిది, 1877. బురదనేల కావడంతో పాత ఫిరంగిలో సీసం పోసి, దాన్ని ఎత్తి వేస్తూ నల్లరాళ్ళని భూమిలోకి దిగ్గొట్టి పునాది వేశారట. ఈ ఊళ్ళోనే 2010లో మొదలైన స్విగ్ షాపులో డైట్ కోక్‌లో కొబ్బరి సిరప్, నిమ్మకాయ కలిపి ఇస్తారు. కాఫీ షాపుకి వెళ్ళని మాలాంటి జంటలకి సాయంత్రం బయటికెళ్ళడమంటే ఇదే. అమ్మకి కొబ్బరి నచ్చింది, మిగతాది నచ్చలేదు. ఆదివారం ప్రయాణం, కొనుగోళ్ళు పెట్టుకోం కాబట్టి శనివారం రాత్రికే పెట్రోలు కొట్టించుకుని ఇంటికి చేరాం.

మర్నాడు అమ్మ మా వార్డుకి వచ్చింది. సంస్కారంలో, అంటే ప్రభువు బల్లలో, రొట్టె, చిన్న కప్పుల్లో నీళ్ళు ఇస్తారు. "ద్రాక్షారసం కాదా?" అని చెవిలో అడిగింది. తర్వాత గంట నేను చిన్నపిల్లల క్లాసు చెప్పాలి, అది నాకిచ్చిన బాధ్యత, జీతం ఉండదు, మా వార్డుని నడిపే బిషప్ గారికీ ఉండదు. అమ్మ వెనక కుర్చీలో కూర్చుని విన్నది.

సాయంత్రం మా అపార్ట్‌మెంట్ నుంచి ప్రోవో సిటీ సెంటర్ దేవాలయం దాకా నడిచాం. 2010లో మంటల్లో కాలిపోయిన పాత కట్టడం గోడల్ని నిలబెట్టి, 2016లో దేవాలయం చేశారు. అమ్మ ఆ ఎర్ర ఇటుకల మీద చెయ్యి వేసి, "మీది ఇక్కడేనా?" అంది. ఇక్కడే అన్నాను. అప్పుడు మా ఆయన చెప్పారు. సాల్ట్ లేక్ దేవాలయం పని అయ్యాక, మళ్ళీ ప్రతిష్ఠించే ముందు, 2027 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అందరికీ తలుపులు తెరుస్తారు. కార్డు అక్కర్లేదు, సభ్యత్వం అక్కర్లేదు. సీలింగ్ చేసే గదులు కూడా చూడొచ్చు.

"ఎవరైనా వెళ్ళొచ్చా బాబూ?"

"ఎవరైనా అత్తయ్యగారూ. మీరూ రావచ్చండి."

ఇంటికి రాగానే అమ్మ సూట్‌కేసు జిప్పు తీసి, పాస్‌పోర్టు బయటికి లాగి, కళ్ళద్దాలు పెట్టుకుని, వీసా మీద తేదీ ఎప్పటిదాకా ఉందో చూసుకుంది.