కీచుమనని కదురు: పెట్టె రాట్నానికి బేరింగుల స్టాండు

మడిచి పెట్టెలా మూసుకునే పెట్టె రాట్నం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. వడికేవాళ్లకు తెలుసు, వడకనివాళ్లకు ఈ సమీక్షతో పని లేదు. నేను రాస్తున్నది దానికి విడిగా దొరికే ఒక చిన్న సామాను గురించి. కదురు, అంటే గిర్రున తిరిగి నూలుని తనమీద చుట్టుకునే సన్నటి ఇనుప పుల్ల, తిరిగే పాత స్టాండు తీసేసి, ఆ చోట బిగించుకునే బేరింగుల స్టాండు అది. రెండు బుల్లి స్టీలు బేరింగులు, వాటిని పట్టుకోవడానికి ఒక అల్యూమినియం ముక్క, అడుగున రెండు స్క్రూలు. చూడ్డానికి పదిహేను వందల వస్తువులా ఉండదు, కానీ నేనిచ్చింది అంతే. కొని ఏడాదిన్నర దాటింది. దాదాపు రోజూ వాడుతున్నాను.

కొన్నదే చప్పుడు పోతుందని. పాత స్టాండులో కదురు తోలు ముక్కల మధ్య తిరుగుతుంది. నూనె ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, ఆరిందంటే కీచు. మా ఇంట్లో హాలూ, అబ్బాయి చదువుకునే గదీ పక్కపక్కనే. వాడు అప్పుడు ఇంటర్ రెండో ఏడు. రాత్రి తొమ్మిది దాటితే గానీ నాకు తీరిక దొరకదు, వాడికీ అప్పుడే చదువు మీద ధ్యాస. "అమ్మా, ఇంకెంతసేపు?" అని అడిగేవాడు, మర్యాదగానే. ఆ మర్యాదే నాకు టెన్షన్.

కొత్త స్టాండు బిగించి తిప్పితే మొదట్లో ఉసూరుమనిపించింది. పాతదానికంటే బరువుగా తిరిగింది. బేరింగుల్లో కంపెనీ నుంచి దట్టించి వచ్చిన గ్రీజు దీనికి కారణం. ఫ్యానుకో మోటారుకో అది కావాలి గానీ, సన్నటి నూలు తాడుతో తిరిగే కదురుకి ఆ గ్రీజే పెద్ద బండ. రెండింటినీ ఊడదీసి ఓ రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి, ఆరాక తలా ఒక చుక్క మిషన్ నూనె వేశాను. కదురు పెట్టి వేలితో ఇలా తడితే చాలు, తిరుగుతూనే ఉంది. ఈ ముక్క అమ్మేవాళ్లు ఒక చీటీ మీద రాసి పెట్టొచ్చు కదా!

ఇక ఆ తర్వాత, అబ్బ, ఏం హాయి! పెద్ద చక్రం తిరుగుతున్న మెత్తటి ఊపు, ఏకులోంచి, అంటే వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్టలోంచి, పోగు జారుతున్నప్పుడు వేళ్ల దగ్గర సన్నటి సరసర, అంతకుమించి ఏమీ వినపడదు. అబ్బాయి గది తలుపు తీసే ఉంచుకుంటున్నాడు. మా అత్తయ్యగారు మాత్రం వంటింట్లోంచి "ఏంటే, అలికిడి లేదు, వడకట్లేదా?" అని అడుగుతుంటారు. ఆవిడకి రాట్నం అంటే మోగాలి.

ఆ ఊపులో కనిపించినవాళ్లందరికీ దీని గురించి గొప్పగా చెప్పాను. వెయ్యి మీటర్ల నూలు చుట్ట, అదే చిలప, పాత స్టాండు మీద పాతిక గ్రాములు తూగేది, కొత్తది వచ్చాక ఇరవైకి దిగింది. అంటే 24 కౌంటు (ఈ అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం) దగ్గర ఆగిపోయిన చేతికి 30 వచ్చింది. అది నిజమే. కాకపోతే ఇంచుమించు అదే రోజుల్లో ఏకులు తెచ్చుకునే చోటు కూడా మార్చాను. కొత్త ఏకుల్లో నలక లేదు, ఉండలు లేవు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం దగ్గర్నించీ అంత శ్రమ పడేది ఊరికే కాదు, నూలు సన్నదనం సగం ఏకులోనే తేలిపోతుంది. బేరింగుల వాటా ఎంత, ఏకుల వాటా ఎంత అంటే, రెండోదానికే కాస్త ఎక్కువ ఇస్తాను.

ఇంకోటి. తోలు ముక్కల రాపిడి మనకు తెలియకుండానే బ్రేకులా పనిచేసేది. ఏకు మార్చడానికి చక్రం వదిలితే అక్కడికక్కడే ఆగేది. ఇప్పుడు ఇంకో అరచుట్టు పోతుంది. చక్రానికి అరచుట్టంటే కదురు దగ్గర పదుల చుట్లు. చేతిలో ఉన్న పోగుకి పురి, అంటే మెలి, ఎక్కేసి మెలికలు పడిపోతుంది. పోగుని కండె (కదురు మీద పోగయ్యే నూలు ఉండ) మీదికి చుట్టుకునేముందు చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పుతాం చూడండి, అక్కడ కూడా ఇంతే. చెయ్యి తేలిక పడకపోతే కండె మీదున్న నూలు సైతం వదులై జారుతుంది. నాకు అలవాటైంది. కొత్తగా నేర్చుకుంటున్న మా మరదలికి మాత్రం పాత స్టాండే ఇచ్చాను.

అసలు కథ వానాకాలంలో. ఉన్నట్టుండి పోగు చేతిలోనే విడిపోవడం మొదలైంది. పుటుక్కున తెగడం వేరు, అలా తెగితే పురి ఎక్కువైనట్టు. ఇది పురి చాలక, దూది దూదిగా సాగి ఊడి వచ్చేది. ఏకులకి చెమ్మ పట్టిందేమోనని వాటిని మధ్యాహ్నం ఎండలో పెట్టాను. తాడు జారుతోందేమోనని గుగ్గిలం రాశాను. గుగ్గిలం రాసిన కాసేపు బాగానే ఉండేది, మళ్లీ మామూలే. తాడు తీసేసి ఉత్త కదురుని వేళ్ల మధ్య తిప్పి చూద్దును కదా, వెనక బేరింగు బిగుసుకుపోయింది. కదురు తిరగక, తాడు దానిమీద ఊరికే జారుతోందన్నమాట. ఇక పురి ఎక్కడెక్కుతుంది?

కదురు ఊడదీశాక తెలిసింది. తాడు పడే కప్పీకీ బేరింగుకీ మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు ఉంటుంది. ముందునుంచి చూస్తే కప్పీ చాటున పడి కనపడదు. తెగిన పోగుల కొసలూ, గాల్లో తేలే నుసీ అక్కడికి చేరి, కదురు చుట్టూ ఉంగరంలా గట్టిగా చుట్టుకున్నాయి. దానికి నూనె తోడై నల్లటి ముద్దయింది. సూదితో ఒక్కో పోగూ లాగుతుంటే మూరెడు మూరెడు వచ్చింది. అప్పటికే ఆ ముద్ద బేరింగు లోపలికి కూడా దూరింది, కడిగినా గరగర పోలేదు.

మా వీధి చివర కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టి తిప్పి, "నూనె తాగించకండమ్మా, వాసన చూపిస్తే చాలు" అన్నాడు. బేరింగు కొత్తది వేసుకోవాల్సిందేనన్నాడు. అది 624 రకం, లోపలి రంధ్రం నాలుగు మిల్లీమీటర్లు, బేరింగులమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. నుసి దూరకుండా ఉంటుందని ముందు రబ్బరు మూత ఉన్నవి తెచ్చాను. ఆ రబ్బరు రాపిడికి కదురు మళ్లీ మొరాయించింది. ఇనుప రేకు మూతవే వేసుకోవాలి. ఇప్పుడు వారానికోసారి ఆ సందులో సూది తిప్పుతున్నాను, మళ్లీ బిగుసుకోలేదు.

అమ్మినవాళ్లకి ఇదంతా ఫోన్లో చెబితే "మీరు దుమ్ములో పెట్టి ఉంటారు మేడం" అన్నారు. దూది వడికే రాట్నానికి దుమ్ము లేకుండా ఎలా కుదురుతుందో వాళ్లే చెప్పాలి.

ఇంకా ఒకటి రెండున్నాయి. కదురు ఏమాత్రం వంకర ఉన్నా తోలు ముక్కలు సర్దుకునేవి, స్టీలు సర్దుకోదు, గలగలలాడుతుంది. నా దగ్గరున్న వాటిలో ఒక్కటే తిన్నగా ఉన్నట్టు దీనితోనే బయటపడింది. పైగా స్టాండు ఎత్తు ఎక్కువ, పెట్టె మూత పడదు. 1930లో గాంధీగారు ఎరవాడ జైల్లో ఉండి ఈ రాట్నాన్ని మెరుగుపెట్టిందే మడిచి, మూసి, చేత్తో పట్టుకుపోయేలా ఉండాలని. దీనితో ఆ సుఖం పోయింది. ఊరెళ్లాలంటే స్క్రూలు విప్పాల్సిందే.

నాలాగా ఇంట్లో ఒకచోటే కూర్చుని, రాత్రిపూట, పక్క గదిలో చదివే పిల్లలుండగా వడికేవాళ్లయితే కొనుక్కోండి. రైల్లో వెంట తీసుకెళ్లేవాళ్లకి, ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతున్నవాళ్లకి చెప్పను. పాతదానికి రోజూ ఒక చుక్క ఆముదం వేసే ఓపిక ఉన్నవాళ్లకి కూడా ఇది అంత అవసరమేమీ కాదు. కొనేటట్టయితే ముందు మీ కదురు మందం కొలిపించుకోండి. నాలుగు మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే ఈ స్టాండులో లొడలొడలాడుతుంది, వాపసు తీసుకోరు.