ఆర్‌సిస్‌లాగ్ డిస్క్ క్యూ: ఏడేళ్ల వాడకం తర్వాత

కోస్తా జిల్లాల్లోని పదకొండు గోదాముల యంత్రాల నుంచి హైదరాబాద్‌లోని ఒక కేంద్ర సర్వర్‌కు లాగ్‌లు, అంటే యంత్రాలు తమ పని గురించి రాసుకునే చిట్టాలు, చేర్చే పని 2018 నుంచి నా చేతిలో ఉంది. గోదాములన్నీ ఊళ్లకు దూరంగా ఉంటాయి. ఇంటర్నెట్ లైను వారానికి ఒకసారైనా తెగుతుంది, కరెంటు సంగతి చెప్పనక్కర లేదు. లైను లేని గంటల్లో పుట్టిన లాగ్‌లు పోకుండా, లాగ్‌లను సేకరించి పంపే ఆర్‌సిస్‌లాగ్ (rsyslog) ప్రోగ్రామ్‌లోని డిస్క్ క్యూను, అంటే పంపాల్సిన మెసేజ్‌లను డిస్క్ మీద వరుసలో ఆపి ఉంచే ఏర్పాటును, వాడుతున్నాను. అది నిలబడిన సందర్భాలనూ, నన్ను నట్టేట ముంచిన సందర్భాలనూ ఇక్కడ రాస్తున్నాను.

మొదటి దెబ్బ నా తొందరపాటు వల్లే తగిలింది. అప్పట్లో మా యంత్రాల్లో చాలావరకు సెంట్‌ఓఎస్ 6 అనే లినక్స్ ఉండేది. దాని ఆర్‌సిస్‌లాగ్ కాన్ఫిగ్ ఫైల్ అడుగున, దూరపు సర్వర్‌కు పంపడానికి కావలసిన వరుసలన్నీ కామెంట్ గుర్తు వెనక, అంటే అమలు కాకుండా, సిద్ధంగా ఉంటాయి: క్యూ ఫైల్ పేరు, డిస్క్ పరిమితి, సర్వీసు ఆగేటప్పుడు క్యూను భద్రపరచమనే వరుస, క్యూ రకం, మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పే అంకె, చివరగా సర్వర్ చిరునామా. నేను చివరి రెండింటికి మాత్రమే కామెంట్ గుర్తు తీశాను. ఆ అంకె మైనస్ ఒకటి, అంటే విసుగు లేకుండా ప్రయత్నిస్తూనే ఉండమని. క్యూ ఇవ్వకుండా ఆ ఆజ్ఞ ఒక్కటే ఇస్తే ఏమవుతుందో రెండు నెలల తర్వాత కేంద్ర సర్వర్ డిస్క్ చెడిపోయిన రోజున తెలిసింది. పంపే పని అక్కడే నిలిచిపోయింది, దాని వెనక ప్రధాన క్యూ నిండిపోయింది, ఆపై లాగ్ రాయబోయిన ప్రతి ప్రోగ్రామూ తన వంతు కోసం ఆగింది. దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు నిమిషాలు పట్టింది. హైదరాబాద్‌లో సర్వర్ పడిపోతే బాపట్లలో బిల్లింగ్ ఎందుకు ఆగిందని గోదాము మేనేజర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ అంకెను సున్నాగానే వదిలేసి ఉంటే యంత్రాలు నడిచేవి, లాగ్‌లు పోయేవి. రెండూ దక్కాలంటే ఆ పంపే పనికి దాని సొంత క్యూ ఉండాలి.

ఇప్పుడు వాడుతున్న ఆర్‌సిస్‌లాగ్ ఎనిమిదో వెర్షన్‌లో ప్రతి గోదాము యంత్రానికీ లింక్డ్‌లిస్ట్ అనే మెమరీ రకం క్యూ ఇచ్చి, దానికి ఒక ఫైల్ పేరు పెడతాను. ఫైల్ పేరు పెట్టిన క్షణం నుంచే మెమరీ క్యూకు డిస్క్ తోడవుతుంది. పేరు మరిచిపోతే మిగతా డిస్క్ వరుసలు ఎన్ని రాసినా అది మెమరీ క్యూగానే ఉండిపోతుంది. రెండు సర్వర్లకు పంపేటప్పుడు రెండింటికీ వేర్వేరు పేర్లు ఉండి తీరాలి. క్యూ ఫైళ్లను మామూలు చోట కాక వేరే పార్టిషన్‌లో పెట్టినప్పుడు లినక్స్‌లోని భద్రతా కాపలా ఎస్‌ఈలినక్స్ రాయనివ్వలేదు. ఆ డైరెక్టరీకి సరైన లేబుల్ ఇచ్చాక గానీ పని జరగలేదు. మరో లినక్స్ అయిన ఉబుంటు యంత్రాల్లో అయితే, ఆర్‌సిస్‌లాగ్ ఎవరి పేరు మీద నడుస్తుందో ఆ సిస్‌లాగ్ అనే యూజర్‌కు ఆ డైరెక్టరీలో రాసే హక్కు ఉందో లేదో ముందే చూడాలి.

చాలామంది పొరబడేది మరొకటి ఉంది, నేనూ మూడేళ్లు పొరబడ్డాను. ఈ రకం క్యూ ప్రతి మెసేజ్‌నూ డిస్క్ మీద రాయదు. మామూలు రోజుల్లో అన్నీ మెమరీలోనే ఉంటాయి. క్యూ పరిమాణంలో 90 శాతం నిండాకే, అంటే హై వాటర్‌మార్క్ దాటాకే, డిస్క్ పని మొదలవుతుంది. నేను క్యూ పరిమాణం 20,000 మెసేజ్‌లు పెట్టాను కాబట్టి మొదటి 18,000 మెసేజ్‌లు మెమరీలోనే నిలుస్తాయి. ఒక గోదాములో సెకనుకు 40 మెసేజ్‌లు వస్తాయి, అంటే ఏడున్నర నిమిషాల లాగ్. లైను తెగిన అయిదో నిమిషంలో కరెంటు కూడా పోయి, యూపీఎస్ చేతులెత్తేస్తే అదంతా పోయినట్టే. పెద్ద అంకె పెడితే పెద్ద భద్రత అనుకున్నది తలకిందులైంది. ఇప్పుడు పరిమాణాన్ని 2,000కు తగ్గించాను; ప్రమాదంలో ఉండేది 45 సెకన్ల లాగ్ మాత్రమే. ఈ వేగానికి డిస్క్ మీద అదనపు భారం కంటికి ఆనలేదు. లాగిన్లకు సంబంధించిన మెసేజ్‌లను మాత్రం వేరు చేసి పూర్తి డిస్క్ రకం క్యూలో వేశాను. అది నెమ్మదిగా నడుస్తుంది, కానీ నిమిషానికి నాలుగైదు మెసేజ్‌లకు వేగంతో పనేముంది?

డిస్క్ పరిమితి లెక్క కాగితం మీద వేసుకోవడమే మంచిది. సెకనుకు 40 చొప్పున రోజుకు 34,56,000 మెసేజ్‌లు. క్యూ ఫైల్‌లో మెసేజ్‌తో పాటు దాని వివరాలన్నీ విడివిడి వరుసలుగా రాస్తారు కాబట్టి మా దగ్గర ఒక్కోటి దాదాపు 600 బైట్లు తింటోంది. రోజుకు రెండు జీబీ. మూడు రోజులకు కాస్త ఎక్కువగా ఎనిమిది జీబీ పెట్టాను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ లెక్కకు పరీక్ష వచ్చింది. అక్కడి గోదాము లైను 64 గంటలు లేదు, యంత్రాలు మాత్రం జనరేటర్ మీద నడిచాయి. క్యూ అయిదు జీబీ దాటింది, ఒక్క మెసేజ్ కూడా పోలేదు. ఈ ఒక్క సందర్భానికే దీన్ని ఎవరికైనా సిఫారసు చేస్తాను.

అయితే లైను తిరిగి వచ్చాక రెండు చిక్కులు వచ్చాయి. ఆగిన లాగ్ అంతా ఒక్కసారిగా బయల్దేరి ఆ చిన్న లైనును గంటన్నర పాటు ఆక్రమించింది, బిల్లింగ్ నత్తనడక నడిచింది. క్యూ నుంచి తీసే వేగాన్ని తగ్గించే వరుస ఒకటి ఉంది, మైక్రోసెకన్లలో ఇవ్వాలి. అది అప్పటి నుంచి మా కాన్ఫిగ్‌లో భాగమైంది. రెండో చిక్కు కేంద్ర సర్వర్‌లో. అక్కడ రోజుకొక ఫైల్ రాసేటప్పుడు ఫైల్ పేరులోని తేదీని సర్వర్ గడియారం నుంచి తీసుకుంటున్నాను. దాంతో 4వ తేదీ లాగ్‌లు కూడా 7వ తేదీ ఫైల్‌లో చేరాయి. మెసేజ్‌లోనే ఉన్న సమయం నుంచి తేదీ తీసుకునేలా మార్చాక గానీ వెతకడం కుదరలేదు.

కరెంటు పోయినప్పటి సంగతి ఇంకా బాధాకరం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజుల పాటు దేశంలోనే ఉంచాలి. ఆ లెక్కన మా ఆడిటర్ ఒక గోదాములో రెండు రోజుల లాగ్ అడిగితే కేంద్ర సర్వర్‌లో దొరకలేదు. గోదాము యంత్రంలో వెతికితే క్యూ ఫైళ్లు వరుస అంకెలతో డైరెక్టరీలోనే ఉన్నాయి, వాటిని పట్టించుకునేవారు లేరు. క్యూ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పే క్యూఐ ఫైల్‌ను ఆర్‌సిస్‌లాగ్ సహజంగా సర్వీసు సక్రమంగా ఆగేటప్పుడు మాత్రమే రాస్తుంది. ఉన్నట్టుండి కరెంటు పోతే ఆ ఫైల్ ఉండదు, అది లేకపోతే తిరిగి లేచాక పాత క్యూ సంగతి ఆర్‌సిస్‌లాగ్‌కు తెలియదు. క్యూఐ ఫైల్‌ను మళ్లీ తయారుచేసే పెర్ల్ స్క్రిప్టు దానితోనే వస్తుంది, దానితో ఆ రెండు రోజులూ బయటపడ్డాయి. ఎన్ని మెసేజ్‌లకు ఒకసారి క్యూఐ ఫైల్ రాయాలో చెప్పే చెక్‌పాయింట్ ఇంటర్వల్‌ను సున్నా నుంచి 100కు మార్చి, క్యూ ఫైళ్లను డిస్క్‌కు సింక్ చేసే వరుస కూడా ఆన్ చేశాను. కరెంటు పోతే కొన్ని మెసేజ్‌లు రెండుసార్లు రావచ్చు; రాకపోవడం కంటే అదే నయం.

క్యూ ఎంత గట్టిదైనా మామూలు టీసీపీ మీద పంపితే చివరి అడుగులో ఒక లోటు ఉంటుంది. పంపినట్టు లెక్కేసుకున్న మెసేజ్ ఇంకా ఇవతలి యంత్రం కర్నెల్ బఫర్‌లోనే (పంపే ముందు ఆగే మెమరీలో) ఉండగా లైను తెగితే అది ఎవరి లెక్కలోనూ ఉండదు. అవతలి సర్వర్ అందిందని చెప్పాకే క్యూ నుంచి తీసేసే రెల్ప్ అనే పద్ధతికి మారాక ఆ లోటు తీరింది. దానికి విడి ప్యాకేజీ కావాలి, రెండు వైపులా ఆర్‌సిస్‌లాగ్ ఉంటే శ్రమ లేదు.

క్యూ లోపల ఏం జరుగుతోందో చూడటానికి ఆర్‌సిస్‌లాగ్ తన లెక్కలు తానే చెప్పే ఇంప్‌స్టాట్స్ మాడ్యూల్ తప్ప దారి లేదు. ప్రతి అయిదు నిమిషాలకు వచ్చే దాని లెక్కల్లో డిస్క్ భాగం విడిగా డీఏ అనే గుర్తుతో కనిపిస్తుంది. ఆ వరుసలో సైజ్ సున్నా కాకపోతే నా ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా పెట్టుకున్నాను. పంపే ప్రతి పనికీ పేరు పెట్టండి, లేకపోతే ఆ లెక్కలు ఏ గోదాము లైనువో పోల్చుకోలేరు. ఇలాంటి పనే చేసే మరో ప్రోగ్రామ్ సిస్‌లాగ్-ఎన్‌జీలో డిస్క్ బఫర్ లోపల చూడటానికి డీక్యూటూల్ అనే సాధనం ఉంది. అలాంటిది ఇక్కడ లేకపోవడం నాకు పెద్ద లోటుగానే అనిపిస్తుంది. క్యూ ఫైళ్లు మామూలు టెక్స్టే కాబట్టి, నిన్న రాత్రి ఒంగోలు గోదాము అలర్ట్ వచ్చినప్పుడు కూడా టెక్స్ట్ ఫైళ్లు చదివే లెస్ కమాండ్‌తోనే తెరిచి చూశాను.